జ్వరానికీ మరణానికీ మధ్య కొన్ని గంటలు

2003 జూన్‌లో మొదలై వానాకాలం సగం గడిచేదాకా, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 329 మంది పిల్లలు ఒకే తీరుగా జబ్బుపడ్డారు. అంతకుముందు దాకా ఆడుకుంటున్న పిల్లవాడికి ఉన్నట్టుండి జ్వరం వచ్చేది. ఆ వెంటనే వాంతులు, ఫిట్స్, ఆపైన స్పృహ తప్పడం. వాళ్ళలో 183 మంది చనిపోయారు. అంటే నూటికి యాభై అయిదుగురు. చాలామంది ఆసుపత్రిలో చేరిన ఒకటి రెండు రోజుల్లోనే పోయారు. ఇరవై ఏళ్ళు దాటింది. ఆ పిల్లల మెదళ్ళలో అసలేం జరిగిందన్న దాని మీద వైద్యలోకం ఇంకా ఒక మాట మీదికి రాలేదు.

ఆ ఏడాది ఎక్కువ దెబ్బతిన్నది వరంగల్, కరీంనగర్ వైపు. కోనసీమ కాదు. అయినా అమలాపురం, రాజోలు, కొత్తపేట వైపు పిల్లల్ని చూసే వైద్యులం ఆ కథను మరిచిపోకూడదు. ఎందుకంటే అప్పుడు జవాబు దొరక్కుండా చేసిన కారణాలు ఇప్పటికీ ఏ జిల్లాలోనైనా ఉండదగినవే. జ్వరంతో ఫిట్స్ వచ్చి స్పృహ తప్పిన ప్రతి పిల్లవాడి నుంచి, ఆ బిడ్డ బతికినా బతకకపోయినా, మొదటి గంటల్లోనే సాక్ష్యం తీసి భద్రపరచాలి. రక్తం, వెన్నునీరు, మెదడు స్కాన్, సరిగ్గా రాసిన కేస్‌షీట్. ఇవి లేనిచోట ఆ పిల్లవాడి చావు ఒక అంకెగా మిగిలిపోతుంది, తర్వాతి పిల్లవాడికి పనికొచ్చే పాఠం కాకుండా పోతుంది. నేను చెప్పదలచుకున్నది ఇంతే. ఎందుకు చెబుతున్నానో వివరంగా రాస్తాను.

ఆ ఒక్క విషాదం మీద 2004లో రెండు ముఖ్యమైన పేపర్లు అచ్చయ్యాయి. ఒకటి పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ శాస్త్రవేత్తలది. బి.ఎల్. రావు మొదటి రచయిత. లాన్సెట్ వైద్యపత్రికలో వచ్చింది. రెండోది హైదరాబాదు పిల్లల వైద్యుడు పోతరాజు నాగభూషణరావు తన సహచరులతో కలిసి రాసింది. అది జర్నల్ ఆఫ్ పీడియాట్రిక్ న్యూరాలజీలో వచ్చింది. మొదటి పేపరు దోషి చండీపురా వైరస్ అంది. రెండో పేపరు ఆ వైరస్‌కు ఇందులో ఉన్న పాత్రనే ప్రశ్నించింది. ఇది మెదడువాపు కాదు, మెదడుకు రక్తం తీసుకెళ్ళే నాళంలో వచ్చిన చిక్కు, అంటే పిల్లల్లో గుంపుగా వచ్చిన పక్షవాతం లాంటిది అని వాదించింది. ఆయన దానికి పెట్టిన పేరు ఎపిడెమిక్ బ్రెయిన్ అటాక్.

ముందు వైరస్ సంగతి చూద్దాం. 1965లో నాగపూర్ దగ్గరి చండీపురా అనే ఊళ్ళో జ్వరంతో ఉన్న ఇద్దరి రక్తంలో ఒక కొత్త వైరస్ కనిపించింది. ఊరి పేరే దానికి పెట్టారు. కుక్కకాటుతో వచ్చే రేబిస్ వైరస్ ఏ కుటుంబానిదో ఇదీ ఆ కుటుంబానిదే. కొన్నేళ్ళకు దాన్ని ఇసుక ఈగల్లోనూ పట్టుకున్నారు. దోమ కంటే చిన్నదైన ఈ పురుగు గోడల నెర్రెల్లో, పశువుల కొట్టాల్లో, తేమగా చీకటిగా ఉండే మూలల్లో పెరుగుతుంది. ఆ తర్వాత చాలాకాలం ఈ వైరస్‌ను ఎవరూ పెద్ద ప్రమాదంగా లెక్కించలేదు.

2003లో పుణె బృందం జబ్బుపడ్డ పిల్లల నమూనాలు తీసింది. ఆరుగురి నుంచి వైరస్‌ను వేరుచేసి పెంచగలిగింది. తొమ్మిది మంది నమూనాల్లో దాని ఆర్‌ఎన్‌ఏ, అంటే జన్యుపదార్థం, దొరికింది. వాటిలో అయిదింటి జన్యుక్రమం చదివితే 1965 నాటి వైరస్‌తో 96.7 నుంచి 97.5 శాతం దాకా కలిసింది. చనిపోయిన ఒక బిడ్డ మెదడు కణజాలంలో కూడా వైరస్ ఆనవాళ్ళు కనిపించాయి. ఇది బలమైన సాక్ష్యమే. కానీ అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి. జబ్బుపడ్డవాళ్ళు 329 మంది. వైరస్ చేతికి చిక్కింది ఆరుగురిలో. మెదడులో చూడగలిగింది ఒక్క బిడ్డలో. మిగతా వందలాది పిల్లల సంగతి మనం ఈ కొద్దిమందిని బట్టి ఊహిస్తున్నాం.

ఇప్పుడు నాగభూషణరావు చూసింది చూద్దాం. ఆయన మంచం పక్కన నిలబడే వైద్యుడు. ఆయన దృష్టి జబ్బు మొదలైన తీరు మీద పడింది. వైరస్ మెదడంతా పాకితే లక్షణాలు ఒకదాని వెంట ఒకటి పెరుగుతూ వస్తాయి. ఈ పిల్లల్లో మెదడు దెబ్బ ఉన్నట్టుండి పడిందనీ, శరీరంలో ఒక పక్క బలహీనపడటం వంటివి నాళానికి అడ్డుపడ్డప్పుడు కనిపించే గుర్తులనీ ఆయన బృందం రాసింది. స్కాన్లలో కనిపించిన మార్పులు మెదడు పక్కభాగాలకు రక్తం అందించే మధ్య మస్తిష్క ధమని పరిధితో కలుస్తున్నాయని చూపింది. ఆయన అక్కడితో ఆగలేదు. రాష్ట్రంలో నమోదైన మెదడువాపు కేసుల తీరు మీద తర్వాత కూడా రాశారు. ఒక వైద్యుడు ఒకే ప్రశ్నను ఏళ్ళ తరబడి వదలకుండా పట్టుకోవడం మన దగ్గర అరుదు. ఆయన ముగింపుతో ఏకీభవించినా, ఏకీభవించకపోయినా ఆ పట్టుదలకు మనం రుణపడి ఉన్నాం.

ఇంత గొడవ పేరు గురించేనా అని అడగవచ్చు. పేరు మారితే చికిత్స మారుతుంది, నివారణ మారుతుంది. ఇసుక ఈగ తెచ్చే వైరసే కారణమైతే గోడల నెర్రెలు పూడ్చాలి, కొట్టాల్లో మందు చల్లాలి, టీకా కోసం వెతకాలి. రక్తనాళమే దెబ్బతింటుంటే మొదటి గంటల్లో నాళాన్ని, రక్తపోటును, మెదడులో ఒత్తిడిని కాపాడే వైద్యం మీద మనసు పెట్టాలి. వైరస్సే నాళాన్ని దెబ్బతీస్తుందా అన్నది మూడో ప్రశ్న. ఈ మూడింటినీ విడదీయగలిగేది మొదటి గంటల్లో తీసిన పరీక్షలే.

స్కాన్ ఇక్కడ ఎంత చెప్పగలదో, ఎక్కడ చెప్పలేదో తెలుసుకోవాలి. జపనీస్ ఎన్‌కెఫలైటిస్ అనే మెదడువాపు వైరస్ మెదడు లోలోపల ఉండే థాలమస్ భాగాల్ని రెండు పక్కలా పట్టుకుంటుంది. హెర్పిస్ వైరస్ ఎక్కువగా కణతల వెనక భాగాన్ని దెబ్బతీస్తుంది. క్షయ మెదడు అడుగున పేరుకుంటుంది, అక్కడి చిన్న నాళాలను మూసేస్తుంది. చక్కెర పడిపోతే దెబ్బ ఎక్కువగా మెదడు వెనక భాగాల్లో కనిపిస్తుంది. నాళం మూసుకుంటే ఆ నాళం నీళ్ళు పెట్టే చేను మేరకే ఎండిపోతుంది. ఈ తేడాలు చదవగలిగిన రేడియాలజిస్టు చేతిలో ఎమ్మారై చాలా చెబుతుంది. కానీ జబ్బు మొదలైన తొలి గంటల్లో తీసిన సీటీ మామూలుగా కనిపించవచ్చు. నాళం మూసుకున్న కొద్ది సేపటికే దాన్ని పట్టగలిగేది ఎమ్మారైలోని డిఫ్యూజన్ పద్ధతి. అందుకే ఒక్క సీటీ తీసి బాగానే ఉందని రాసి పక్కన పెట్టేస్తే సరిపోదు. బిడ్డ నిలదొక్కుకున్నాక ఎమ్మారై తీయాలి. అవసరమైతే ఒకటి రెండు రోజుల్లో మళ్ళీ తీయాలి. 2003లో ఇలా వరసగా, పద్ధతిగా స్కాన్లు తీసిన పిల్లలు వందల్లో ఉండి ఉంటే, ఈ రోజు ఆ వాదన మిగిలేది కాదు.

రక్తపరీక్ష దగ్గర కూడా అలాంటి చిక్కే ఉంది. అది చాలామంది వైద్యులకే గుర్తుండదు. వైరస్ సోకాక శరీరం తయారుచేసే ఐజీఎమ్ యాంటీబాడీలు రక్తంలో కనిపించడానికి సమయం పడుతుంది. పుణె బృందమే తమ పేపరులో చూపింది: జబ్బు మొదలైన నాలుగు రోజుల తర్వాత తీసిన రక్తంలో చండీపురా ఐజీఎమ్ దొరికే అవకాశం, అంతకుముందు తీసిన దానికంటే చాలా ఎక్కువ. మరి పిల్లలు పోయింది ఎప్పుడు? చాలామంది రెండు రోజుల్లోపే. అంటే అందరికంటే తీవ్రంగా జబ్బుపడిన పిల్లవాడి రక్తంలో ఆ పరీక్ష నెగెటివ్ వచ్చే అవకాశమే ఎక్కువ. ఆ నెగెటివ్‌ను చూసి వైరస్ లేదని రాసేస్తే, లెక్కలో ఆ బిడ్డ ఏ జబ్బూ లేకుండా చనిపోయినట్టే. మొదటి రోజు నమూనాకు వైరస్ జన్యుపదార్థాన్నే నేరుగా పట్టే పీసీఆర్ పరీక్ష చేయాలి. బతికిన బిడ్డకు నాలుగు రోజులు దాటాక ఐజీఎమ్ కోసం మళ్ళీ రక్తం తీయాలి. రెండు నమూనాలు, రెండు పరీక్షలు. ఖర్చు కంటే ఇక్కడ కావలసింది క్రమశిక్షణ.

వెల్లూరు సీఎంసీలో పనిచేసిన వైరాలజిస్టు టి. జాకబ్ జాన్ ఈ విషయంలో ఎప్పటినుంచో హెచ్చరిస్తున్నారు. మెదడులో వాపు ఉందని చెప్పాలంటే వెన్నునీటిలో దానికి తగిన కణాలు కనిపించాలి. అవి లేనప్పుడు ఎన్‌కెఫలైటిస్ అని రాయడం తొందరపాటు. అది మెదడు పనితీరు దెబ్బతినడం మాత్రమే కావచ్చు, కారణం విషం కావచ్చు, చక్కెర పడిపోవడం కావచ్చు. 2010లో ఆయన చండీపురా మీద ఒక సంపాదకీయం రాశారు. ఈ వైరస్ గురించి మనకు తెలిసినవీ తెలియనివీ అందులో విడివిడిగా పెట్టారు. ఇలా తెలియనిదాన్ని తెలియదని రాసుకోగలగడం వైద్యుడికి ఉండాల్సిన గుణం.

ఈ హెచ్చరిక ఎంత నిజమో మన దేశంలోనే మూడుచోట్ల రుజువైంది.

పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లో ఏటా శీతాకాలం పిల్లలు గుంపులుగా చనిపోయేవారు. అందరూ మెదడువాపు అనేవారు. బిజ్నోర్ పట్టణంలో పిల్లల వైద్యం చేసే విపిన్ వశిష్ఠ ఆ పిల్లల్లో కాలేయం, కండరాలు, మెదడు మూడూ ఒకేసారి దెబ్బతింటున్నాయని గమనించారు. ఇళ్ళకు వెళ్ళి ఆరా తీశారు. జాకబ్ జాన్‌తో కలిసి 2007లో అచ్చువేసిన పరిశోధనలో కారణం తేలింది. దారిపక్కన పెరిగే కసివింద గింజల్ని పిల్లలు ఆటగా తినడమే. ఆ మొక్క మన ఊళ్ళలోనూ పాడుబడిన దొడ్లలో, రోడ్డు వారలా పెరుగుతుంది.

బీహార్‌లోని ముజఫర్‌పూర్‌లో 2014 వేసవిలో రెండు పెద్ద ఆసుపత్రుల్లో 390 మంది పిల్లలు చేరారు. 122 మంది పోయారు. అక్కడా ఏళ్ళ తరబడి వైరస్ కోసం వెతికారు. పరీక్షించిన 327 మందిలో 204 మందికి చేరేసరికే రక్తంలో చక్కెర 70 లేదా అంతకంటే తక్కువ ఉంది. రాత్రి అన్నం తినకుండా పడుకున్న పిల్లలు, పగలు తోటల్లో లిచీ పండ్లు తిన్న పిల్లలు. లిచీలోని రసాయనాలు ఖాళీ కడుపుతో ఉన్న శరీరం చక్కెర తయారుచేసుకోకుండా అడ్డుకుంటున్నాయని 2017లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పేపరు చూపింది. సకాలంలో రాత్రి భోజనం, చేరగానే గ్లూకోజు. మందు ఇంత దగ్గరలో ఉంది. అది తెలియక పోయిన పిల్లల్ని ఎవరూ వెనక్కి తేలేరు.

గోరఖ్‌పూర్ ప్రాంతంలో 2005లో మెదడువాపుతో వెయ్యి మందికి పైగా చనిపోయారు. జపనీస్ ఎన్‌కెఫలైటిస్ టీకా వచ్చింది, ఆ కేసులు తగ్గాయి. అయినా పిల్లలు చేరుతూనే ఉన్నారు. మళ్ళీ వెతికితే వాళ్ళలో సగానికి పైగా స్క్రబ్ టైఫస్ బయటపడింది. పొదల్లో ఉండే చిన్న పురుగు కుడితే వచ్చే జ్వరం అది. అజిత్రోమైసిన్, డాక్సీసైక్లిన్ వంటి చవక మందులు సమయానికి వేస్తే తగ్గుతుంది. ఈ జబ్బు మన రాష్ట్రంలోనూ ఉంది. 2025 చివర్లో వార్తల్లోకి కూడా ఎక్కింది.

మనకు మరీ దగ్గరి ఉదాహరణ ఏలూరు. 2020 డిసెంబరు 5 నుంచి కొద్ది రోజుల్లో ఆరువందల మందికి పైగా ఉన్నట్టుండి ఫిట్స్ వచ్చి పడిపోయారు. వాళ్ళలో పిల్లలూ ఉన్నారు. ఎయిమ్స్ పరీక్షల్లో రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరీక్షల్లో పురుగుమందుల ఆనవాళ్ళు దొరికాయి. అది ఏలూరు కావడం వల్ల, ఒకే వారంలో వందల మంది ఒకే ఆసుపత్రికి రావడం వల్ల నమూనాలు తీశారు, పెద్ద సంస్థలు దిగాయి. ఇదే జబ్బు ఒక లంక గ్రామంలో వారానికి ఒక పిల్లవాడిని పట్టుకుని ఉంటే ఎవరైనా గుర్తించేవారా? పంటలకు మందు కొట్టే ప్రతి డెల్టా ఊరూ అడగాల్సిన ప్రశ్న ఇది.

2003 మళ్ళీ రాదని ఎవరూ అనలేదు. అది వచ్చింది కూడా. 2004లో గుజరాత్‌లోని వడోదర ప్రాంతంలో వచ్చింది. అక్కడ మరణాల శాతం 75 దాటింది. 2005, 2006లో ఉత్తర తెలంగాణ ఆసుపత్రుల్లో మెదడువాపు లక్షణాలతో చేరిన పిల్లల్ని పుణె సంస్థ పరీక్షిస్తే దాదాపు సగం మందిలో చండీపురా వైరస్ బయటపడింది. తర్వాత విదర్భలో వచ్చింది. 2024 జూన్ నుంచి ఆగస్టు 15 దాకా, ప్రధానంగా గుజరాత్‌లో, 245 మంది ఈ లక్షణాలతో చేరారు, 82 మంది చనిపోయారు. వీళ్ళలో 64 మందికి చండీపురా నిర్ధారణ అయింది. గత ఇరవై ఏళ్ళలో ఇదే అతిపెద్ద దాడి అని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. ఇప్పటికీ దీనికి టీకా లేదు, వైరస్‌ను నేరుగా కొట్టే మందూ లేదు. ఇక్కడ ఇంకొక లెక్క చూడాలి. 245లో 64 తీసేస్తే 181. నిర్ధారణ కాని ఆ పిల్లల్లో కొందరికి జబ్బేమిటో తేలలేదు. ఇరవై ఏళ్ళ కింద మనం ఎక్కడ ఆగామో, ఆ 181 దగ్గర ఇంకా అక్కడే ఉన్నాం.

ఇక కోనసీమ మాట. ఈ నేల అందమే ఈ జబ్బుల విషయంలో చిక్కు తెస్తుంది. వరిచేలు, మురుగు కాలవలు, బోదెలు, నీరు నిలిచే కొబ్బరితోటలు. జపనీస్ ఎన్‌కెఫలైటిస్‌ను మోసే క్యూలెక్స్ దోమ నీళ్ళు నిలిచిన వరిచేలల్లో పెరుగుతుంది. కొంగల్లోనూ పందుల్లోనూ ఆ వైరస్ నిలవ ఉంటుంది. చండీపురా కేసులు ఎక్కువగా పెరిగే జూన్, జూలై, ఆగస్టు నెలలే గోదావరి వరద నెలలు కూడా. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర పాతిక లక్షల క్యూసెక్కులకు పైగా నీరు దిగినప్పుడు లంకల్లో రోజుల తరబడి పడవలే దారి. కనకాయలంక, ఎదురుబీడెం వంటి చోట్ల కాజ్‌వేలు నీటిలో మునిగితే అర్ధరాత్రి ఫిట్స్ వచ్చిన పిల్లవాణ్ణి రేవు దాటించడానికే గంటలు పడుతుంది. అమలాపురం నుంచి కాకినాడకైనా, రాజమండ్రికైనా అరవై కిలోమీటర్ల పైచిలుకు దారి. జబ్బు మొదలైన ఒకటి రెండు రోజుల్లో ప్రాణం తీసే జబ్బుకు ఈ దూరం చిన్నదేమీ కాదు.

కాబట్టి పని ఇంటి దగ్గరే మొదలవ్వాలి. జ్వరం ఉన్న పిల్లవాడికి ఫిట్స్ వస్తే పక్కకు ఒత్తిగిల్లబెట్టండి. నోట్లో చెంచా గానీ నీళ్ళు గానీ మందు గానీ పెట్టకండి. ఫిట్స్ మొదలైన టైము చూసుకోండి. అయిదు నిమిషాలు దాటినా, ఆగాక పిల్లవాడు తెలివిలోకి రాకపోయినా, ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షన్ వేయించి తెల్లవారేదాకా చూద్దామని ఆగకండి. 108కి ఫోను చేయండి. రాత్రి ఏం తిన్నాడు, పగలు ఎక్కడ ఆడాడు, ఏ కాయలు, గింజలు తిన్నాడు, ఇంట్లో పురుగుమందు డబ్బా ఉందా, ఊళ్ళో ఇంకెవరికైనా ఇలా వచ్చిందా, స్క్రబ్ టైఫస్ పురుగు కుట్టినట్టు ఒంటి మీద నల్లటి చెక్కులాంటి మచ్చ ఉందా. డాక్టరు అడగకపోయినా ఈ సంగతులు మీరే చెప్పండి. బిజ్నోర్‌లో జబ్బు గుట్టు విప్పింది ఇలాంటి సమాధానాలే.

పీహెచ్‌సీలో, రాజోలు, కొత్తపేట ఆసుపత్రుల్లో చేయాల్సింది ఇంకా స్పష్టం. ఊపిరి దారి చూడాలి. వేలి చివర రక్తంతో చక్కెర వెంటనే చూడాలి, తక్కువగా ఉంటే గ్లూకోజు వెంటనే ఎక్కించాలి. ఫిట్స్ ఆపడానికి ముక్కులో కొట్టే మిడజోలం స్ప్రే అందుబాటులో ఉండాలి, బిడ్డ బరువును బట్టి డోసు ఎంతో గోడ మీద రాసి ఉండాలి. పై ఆసుపత్రికి పంపే ముందే మొదటి రక్తం తీసి పెట్టాలి. ప్రతి పీహెచ్‌సీలో టీకాల కోసం ఐసు ప్యాకులు పెట్టే క్యారియర్ ఉంది. ఆ నమూనాను 2 నుంచి 8 డిగ్రీల మధ్య కాకినాడ దాకా మోయడానికి అది చాలు. కొత్త యంత్రం కొనక్కర్లేదు. ఆ డబ్బాను ఈ పనికీ వాడవచ్చని ఒక ఆదేశం చాలు.

పెద్దాసుపత్రిలో చికిత్స ముందు, నమూనా వెంటనే. పిల్లవాడు నిలదొక్కుకున్నాక, మెదడులో ఒత్తిడి ప్రమాదకరంగా లేదని తేల్చుకున్నాక వెన్నునీరు తీయాలి. ఫలితాల కోసం ఆగకుండా బాక్టీరియాకూ హెర్పిస్‌కూ మందులు మొదలుపెట్టాలి. స్క్రబ్ టైఫస్ అనుమానం ఉంటే దానికీ వేయాలి. మన దేశపు పిల్లల వైద్యనిపుణులు 2012లోనే ఈ వరసను మార్గదర్శకంగా ప్రచురించారు. గొంతు స్వాబు, రక్తం, వెన్నునీరు మూడూ కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి పంపాలి. కోవిడ్ కాలంలో వేల నమూనాలు పరీక్షించిన వైరాలజీ ల్యాబు అక్కడ ఉంది. అక్కడ తేలనివి పుణెకు వెళ్ళాలి. ఫలితం వచ్చాక అది మొదట పంపిన పీహెచ్‌సీ డాక్టరుకు తిరిగి చేరాలి. తన ఊరి బిడ్డకు ఏమైందో తెలిసిన డాక్టరే మరో బిడ్డ వచ్చినప్పుడు తొందరగా కదులుతాడు.

స్కాన్ విషయంలో ఒక నియమం ఉండాలి. చికిత్స ఆపి బిడ్డను స్కాన్ గదికి తరలించకూడదు. కానీ నిలదొక్కుకున్న ప్రతి బిడ్డకూ, జబ్బు మొదలై ఎన్ని గంటలైందో రాసి మరీ స్కాన్ తీయాలి. ఫిల్ములు ఇంటికి ఇచ్చి పంపేస్తే అవి బీరువాలో ఉండిపోతాయి. ఒక ప్రతి ఆసుపత్రిలో ఉండాలి, ఇంకొకటి పేరు బయటపెట్టకుండా జిల్లా స్థాయిలో ఒకచోట చేరాలి. పదేళ్ళ స్కాన్లు ఒకచోట వరుసగా ఉంటే ఒక నాగభూషణరావు తన వాదనను ఇంకెంతో బలంగా నిలబెట్టుకునేవారు, లేదా తానే మార్చుకునేవారు. రెండిట్లో ఏది జరిగినా పిల్లలకు మేలే.

బతికిన పిల్లల్ని కూడా మరిచిపోకూడదు. జపనీస్ ఎన్‌కెఫలైటిస్ వచ్చిన వాళ్ళలో నూటికి ముప్పై నుంచి యాభై మందికి శాశ్వతంగా ఏదో ఒక లోపం మిగులుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. నడక, మాట, చదువు, ప్రవర్తన. ఇంటికి పంపేటప్పుడే మూడు నెలల తర్వాత, ఏడాది తర్వాత చూపించాల్సిన తేదీలు రాసి ఇవ్వాలి. అంగన్‌వాడీ టీచరుకు, ఆశా కార్యకర్తకు ఆ తేదీలు తెలియాలి. మెదడువాపు నుంచి బయటపడ్డాడని డిశ్చార్జి కాగితం మీద రాశాక, ఆరో తరగతిలో చదువు ఆపేసిన పిల్లవాడు ఎవరి లెక్కలోనూ ఉండడు.

ఇంకొక మాట చెప్పడం కష్టం, అయినా చెప్పాలి. బిడ్డ చనిపోయినప్పుడు శవపరీక్ష మాట ఎత్తడానికి మాలో ఎవరికీ నోరు రాదు. అడగకపోవడం దయ అనిపిస్తుంది. కానీ 2003లో చనిపోయిన 183 మందిలో మెదడు కణజాలం మనకు ఏమన్నా చెప్పింది ఒక్క బిడ్డ విషయంలోనే. ఇప్పుడు పెద్ద కోత అక్కర్లేదు, సూదితో కొద్దిపాటి కణజాలం తీసినా చాలు. ఎందుకు అడుగుతున్నామో కన్నవాళ్ళకు కూర్చుని, తొందరపెట్టకుండా చెప్పాలి. వద్దంటే అక్కడితో ఆపేయాలి. ఒప్పుకున్నవాళ్ళకు ఫలితం తప్పక చెప్పాలి, వాళ్ళ ఇంటికి వెళ్ళి చెప్పాలి.

పెద్ద పరిశోధనలు పెద్ద నగరాల్లోనే పుడతాయని మనకొక నమ్మకం ఉంది. బిజ్నోర్ ఒక మామూలు పట్టణం, అమలాపురం లాంటిదే. అక్కడి పిల్లల డాక్టరు తన ముందున్న పిల్లల్ని శ్రద్ధగా చూసి, చూసింది రాసి, రాసింది అచ్చు వేయించారు. అంతే, ఏళ్ళనాటి పొరపాటు దిద్దుబాటైంది. కోనసీమలో మెడికల్ కాలేజీ ఉంది, ఎందరో పిల్లల డాక్టర్లున్నారు, రేడియాలజిస్టులున్నారు. జిల్లా వైద్యాధికారి ఆధ్వర్యంలో వీళ్ళందరూ నెలకొకసారి కలిసి, ఆ నెల జ్వరం, ఫిట్స్‌తో చేరిన ప్రతి బిడ్డ కేస్‌షీటునూ ముందు పెట్టుకుని చదవాలి. చక్కెర చూశామా, మొదటి రక్తం తీశామా, రెండో రక్తం తీశామా, స్కాన్ ఎన్ని గంటలకు తీశాం, ఫలితం ఎప్పుడొచ్చింది, బిడ్డ ఇప్పుడెలా ఉన్నాడు. ఈ ఆరు ప్రశ్నల్లో దేనికైనా జవాబు లేకపోతే ఎందుకు లేదో ఆ సమావేశంలోనే రాయాలి.

ఈ పని వచ్చే జూన్‌లోపు మొదలవ్వాలి. వరదనీరు దిగాక, ఒక ఊళ్ళో రెండో బిడ్డ పోయాక, పత్రికలు రాశాక మొదలుపెడితే మళ్ళీ 2003లోనే ఉంటాం. దేనివల్ల పోతున్నారో తెలియని పిల్లలకు టీకా తయారుకాదు, మందు దొరకదు, ఏ ప్రభుత్వమూ బడ్జెట్‌లో డబ్బు పెట్టదు. తెలుసుకునే అవకాశం ఉన్న కొన్ని గంటలు ప్రతి బిడ్డ విషయంలోనూ మన చేతుల్లోనే ఉంటాయి. ఆ గంటల్ని వృథా చేసే హక్కు వైద్యులుగా మాకు లేదు. ఆ గంటల లెక్క అడిగే హక్కు మీకుంది. దయచేసి అడగండి.